బ్రోచర్‌లో బాతులు, గేటు ముందు లారీలు

హైదరాబాద్ కాప్రా చెరువులో తెల్లబాతులు ఈదుతున్నాయి. నమ్మకపోతే చుట్టుపక్కల వెంచర్ల బ్రోచర్లు తెరిచి చూడండి. గుర్రపుడెక్క లేదు, మురుగు లేదు, దోమ అసలే లేదు. గట్టు మీద యోగా చేసుకుంటూ ఓ జంట కూడా ఉంటుంది. అసలు చెరువు కంపు బొమ్మలో పట్టలేదు కాబట్టి దాన్ని వదిలేశారు. ఫ్లాట్ కొన్నవారికి అది ఉచితం.

కాప్రా 2007లో జీహెచ్‌ఎంసీలో కలిసింది. ఊరు పట్నమైపోయింది కనుక ఇప్పుడు పల్లె కావాలంటే నాగారం, కీసర దాటి పోవాలి. వెంచర్లూ అటే నడిచాయి. ‘పల్లె ప్రశాంతత, పట్నం సౌకర్యాలు’ అంటారు. పట్నం సౌకర్యాలంటే ట్రాఫిక్కు, పల్లె ప్రశాంతత అంటే వీధి దీపం లేకపోవడం.

గేటు విషయం చూద్దాం. గేటు ఎక్కడ పెట్టాలో మన దగ్గర రోడ్డు చెప్పదు, వాస్తు చెబుతుంది. ఈశాన్యంలో రోడ్డు మలుపుంటే గేటూ ఆ మలుపులోనే. అటునుంచి కంకర లారీ వస్తుందే అంటే, లక్ష్మి కూడా అటునుంచే వస్తుందంటారు. ఏది ముందొస్తుందో పంచాంగంలో లేదు.

సెల్లార్ నుంచి పైకొచ్చే ర్యాంపు మహిమ వేరు. కారు ఎక్కుతుంటే డ్రైవర్‌కు ఆకాశమే కనిపిస్తుంది. ఆ ఆకాశం అయిపోయేచోట ఫుట్‌పాత్ మొదలవ్వాలి కానీ అది ర్యాంపు కిందికి ఎప్పుడో పోయింది. స్కూలు పిల్ల రోడ్డు మీదే నడుస్తుంది. మలుపులో ఓ కుంభాకార అద్దం పెట్టండయ్యా అంటే బడ్జెట్ లేదంటారు. గేటు మీది సిమెంటు సింహాలకు మాత్రం ఉంది. లోపల డ్రైవ్‌వే రూల్ ప్రకారమే ఉంటుంది. ప్లాన్‌లో గీత గేటు దగ్గర ఆగిపోతుంది, బిల్డర్ బాధ్యతా అక్కడే ఆగిపోతుంది.

గేటు లోపలైనా క్షేమం అనుకోకండి. 2023 మేలో హయత్‌నగర్‌లో ఓ మూడేళ్ల పాప కారు కింద నలిగి చనిపోయింది. ఎండకు తాళలేక కూలీ తల్లి బిడ్డను అపార్ట్‌మెంట్ పార్కింగ్ నీడలో పడుకోబెట్టింది. ఈ ఇళ్లు కట్టేవాళ్ల పిల్లలు ఎక్కడ పడుకోవాలో ఏ ప్లాన్‌లోనూ గీత గీసి ఉండదు.

ఇక పర్యావరణం. 20 వేల చదరపు మీటర్లు, ఆపైన నిర్మాణమైతే 2006 నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి తీసుకోవాలి. తెలివైన వెంచర్ దాన్ని ఫేజులుగా విడగొడుతుంది. ఉమ్మడి కుటుంబం రేషన్ కార్డుల కోసం కాగితం మీద వేరుపడ్డట్టు ఫేజ్ వన్, ఫేజ్ టూ ఒకదానికొకటి తెలియదంటాయి. బోరు ఒకటే, మురుగుకాలువ ఒకటే. మురుగు శుద్ధి చేసే ఎస్‌టీపీ కూడా ఒకటే, అది తిరిగేది తనిఖీ రోజునే.

2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండినప్పుడు నీరు నిలిచే హద్దు, నుంచి 30 మీటర్లు వదలాలి. తప్పక వదులుతారు. కొలత మాత్రం నడివేసవిలో, నీళ్లు నడిమధ్యకు పోయాక వేస్తారు. చెరువు శిఖం భూమి పొడిగా, అమాయకంగా పడి ఉంటుంది. వానాకాలంలో చెరువు తన సర్వే తానే చేసుకుంటుంది, టేపు లేకుండా నేరుగా సెల్లార్ దాకా. అప్పుడు ‘చెరువు మా అపార్ట్‌మెంట్‌లోకి చొరబడింది’ అని టీవీలో చెబుతారు.

చెట్ల మీదా ప్రేమ లేకపోలేదు. చెట్లను కాపాడే వాల్టా చట్టం 2002లోనే వచ్చింది. నీడనిచ్చే వేపా చింతా పోతాయి, క్రేన్‌లో ఖర్జూరం చెట్లు దిగుతాయి. వాటి నీడ వాటికే చాలదు. ఫేజ్ పేరు మాత్రం ‘గ్రీన్ వ్యాలీ’.

అధికారులను అనకండి పాపం. భవన అనుమతులకు బీపాస్ విధానం వచ్చాక 21 రోజుల్లో తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చింది. మంచిదే. కానీ బుల్డోజర్ వచ్చేసరికి బిల్డర్ అమ్ముకుని వెళ్లిపోతాడు. గోడల మధ్య మిగిలేది గృహప్రవేశం ఫొటో, ఇరవై ఏళ్ల ఈఎంఐ.

కాబట్టి కొనబోయే అన్నలూ, అక్కలూ! సైట్ విజిట్‌లో పెట్టే బిర్యానీ తినండి, టోకెన్ అడ్వాన్స్ మాత్రం ఆపండి. హెచ్‌ఎండీఏ వెబ్‌సైట్‌లో చెరువుల ఎఫ్‌టీఎల్ పటాలు ఉన్నాయి, చూసుకోండి. మురుగు ఎటు పోతుందో అడగండి. సాయంత్రం ఆరింటికి గేటు ముందు నిలబడి, వచ్చే లారీ ఎంత దూరం నుంచి కనిపిస్తుందో చూడండి. మీ పిల్లలు రోజూ దాటాల్సింది ఆ గేటే.