పేరు రాయనక్కర్లేదు

విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి సిబ్బంది కోసం ఫిర్యాదుల వెబ్ పేజీ పెట్టింది. ఆసుపత్రి లాగిన్‌తోనే అది తెరుచుకుంటుంది. "పేరు రాయనక్కర్లేదు. రాసిందెవరో మాకూ తెలియదు" అని పైన పెద్దక్షరాల్లో ఉంది. సూపర్‌వైజర్ నోటి దురుసు భరించలేక నైట్ డ్యూటీ నర్సులు ఎప్పటినుంచో ఉడికిపోతున్నారు. ఆ రెండు ముక్కలు చూశాకే వాళ్లకు రాద్దామన్న ధైర్యమొచ్చింది.

రికార్డుల సెక్షన్‌లో పనిచేసే సౌజన్య తీరిక వేళల్లో వెబ్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటోంది. పేజీ తెరిచిందో లేదో, పైన లింకు చివర 24 అక్షరాల తోక ఆమె కంట్లో పడింది. తెలియనివాళ్లకు అదంతా గజిబిజి. ఆమెకు మాత్రం నాలుగక్షరాలకోసారి '4ఎల్' అని తిరిగి తిరిగి రావడం కనిపించింది.

అది బేస్64. పాతకాలపు ఈమెయిలు ఇంగ్లిషు అక్షరాలు, అంకెల్లాంటివి తప్ప మరేమీ మోయలేకపోయేది. ఫొటో పంపాలంటే దాన్నీ అక్షరాలుగా మార్చాల్సిందే. మూడు బైట్లకు నాలుగు అక్షరాల చొప్పున మార్చే ఈ పద్ధతి 1992 నాటి మైమ్ ప్రమాణంతో ఈమెయిళ్లలో స్థిరపడింది, తర్వాత వెబ్ అంతటా పాకింది. బరువు మూడో వంతు పెరుగుతుంది, సరుకు మాత్రం చెడకుండా చేరుతుంది. ఇందులో తాళమూ లేదు, తాళంచెవీ లేదు. ఎవరైనా క్షణంలో వెనక్కి మార్చుకోవచ్చు. మన లిపి అయితే మరీ సులువుగా దొరికిపోతుంది: యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కొక్కటీ సరిగ్గా మూడు బైట్లు, అన్నిటికీ తొలి 12 బిట్లు ఒకటే. ఆ 12 బిట్లే '4ఎల్'గా మారతాయి.

సౌజన్య ఆ తోకను విప్పింది. లోపల ఆరు గుర్తులు. స, ఔత్వం, జ, న, పొల్లు, య.

నమ్మి నోరు విప్పేవాళ్లకు ఇంతకంటే ద్రోహం ఉండదు. అమాయకంగా రాసే ఏ నర్సు పేరో బయటపడేకంటే తన పేరు పోవడమే మేలనుకుని ఆమె ఆ పేజీలోనే రాసింది: "ఇక్కడ రాసేవాళ్ల పేరు లింకులోనే మీకు చేరుతోంది. బేస్64 మోయడానికే గానీ దాచడానికి కాదు. నర్సులెవరూ రాయకముందే దీన్ని తీసేయండి." కింద సంతకం పెట్టలేదు.

పొద్దున్నే యాజమాన్యం నుంచి ఆమె ఫోన్‌కి మెసేజ్ వచ్చింది.

"సౌజన్య గారూ, మీ ఫిర్యాదు అందింది. నిశ్చింతగా ఉండండి. రాసినవారి పేరు మాకు తెలిసే అవకాశమే లేదు."