తిరిగివచ్చిన జాబుకు టీకా తాత్పర్యం

మూలం: “550 5.7.26 ప్రేషకుడు ధ్రువపడనందున ఈ జాబు నిరాకరింపబడినది.”

ప్రతిపదార్థం: 550 అనగా జాబు పుచ్చుకోవలసిన సర్వరు చెప్పే తుది తిరస్కారం, నాలుగుతో మొదలయ్యే అంకెకు కొంతసేపాగి మళ్లీ ప్రయత్నించవచ్చునని అర్థం గాని, అయిదుతో మొదలయ్యేదానికి ఆ ఆశ లేదు. 5.7.26 అనగా జాబు ఒకటికి మించిన పరీక్షల్లో తప్పిందని తెలిపేందుకు 2014లో ఏర్పడిన సంకేతం. ప్రేషకుడు అనగా పంపినవాడు. అయితే ఈమెయిలుకు ప్రేషకులు ఇద్దరు. ఒకరి పేరు కవరు మీద ఉంటుంది, దాన్ని సర్వర్లే చదువుకుంటాయి, చేరని జాబు తిరిగివెళ్లేది ఆ పేరుకే; రెండవ పేరు లోపల ‘ఫ్రమ్’ అన్నచోట ఉంటుంది, చదువరి కంటబడేది అదే. ఈ ఇద్దరూ ఒకరే కావాలన్న నియమం మొదట్లో లేకపోవడం వల్లనే దొంగ జాబులకు దారి దొరికింది.

తాత్పర్యం: విజయవాడ గవర్నర్‌పేటలోని ఆడిటరు పంపిన పన్ను కాగితం, కానూరులో ఇంజనీరింగు చదివి డల్లాస్‌లో స్థిరపడినవాడు నేటికీ వదలని పాత కాలేజీ చిరునామాకు చేరి, అక్కడి సర్వరు దాన్ని అతని జీమెయిలుకు మళ్లించినప్పుడు పుట్టే వాక్యమిది. ఎస్‌పీఎఫ్ అనేది ఒక డొమైను పేరిట కవర్లు పంపే హక్కు ఏయే ఐపీ చిరునామాలకు ఉందో దాని యజమాని అందరికీ కనబడే డీఎన్‌ఎస్ పట్టికలో ప్రకటించే జాబితా. కవరు మీద ఆడిటరు పేరుండగా తలుపు తట్టింది కాలేజీ సర్వరు కాబట్టి, జాబు నిజమైనదే అయినా ఇక్కడ ఓడుతుంది. డీకిమ్ అనేది జాబు వాచకానికీ, ముఖ్యమైన శీర్షికలకూ కలిపి పంపే సర్వరు చేసే సంతకం. అది దారిని పట్టించుకోదు కనుక ఎన్ని సర్వర్లు మారినా నిలవవలసినదే, కాని కాలేజీ సర్వరు వైరస్ తనిఖీ జరిగిందంటూ అడుగున ఒక పంక్తి తగిలించగానే సాధారణంగా చెల్లకుండా పోతుంది. ఇట్టి పంక్తిని ప్రక్షిప్తమనడమే న్యాయం. మూలంలో లేనిది వ్రాయనని వ్యాఖ్యాత కొలచల మల్లినాథసూరి పెట్టుకొన్న నియమాన్ని ఈ సర్వర్లకు ఎవరూ నేర్పినట్టు లేదు.

డీమార్క్ అనేది పై పరీక్షల్లో నెగ్గిన పేరు ‘ఫ్రమ్’లోని డొమైనుతో పొసగాలనీ, పొసగకపోతే జాబును ఏం చేయాలో ఆ డొమైను యజమానే ముందుగా చాటాలనీ చెప్పే మూడో కట్టుబాటు. 2024 ఫిబ్రవరి నుంచి రోజుకు 5,000 జాబుల స్థాయిలో పంపేవారికి గూగుల్ ఈ మూడూ తప్పనిసరి చేసింది. చిన్నవారికి మొదటి రెంటిలో ఒకటి చాలు, ఆ ఒకటీ మళ్లింపులో పోతే మిగిలేది పై మూలవాక్యమే.

శంక: కాలేజీ సర్వరు కవరు మీద తన పేరే వేసుకోరాదా?

సమాధానం: ఎస్‌ఆర్‌ఎస్ అనే పద్ధతి చేసేది అదే, దానితో ఎస్‌పీఎఫ్ నెగ్గుతుంది, అయినా లోపలి ‘ఫ్రమ్’ ఆడిటరుదే గనుక డీమార్క్‌కు ఆ గెలుపు అక్కరకు రాదు. పైగా పాత చిరునామాకు వచ్చిపడే లాటరీ ప్రకటనలను కూడా మళ్లిస్తూ పోతే ఆ చెత్త కాలేజీ పద్దులో పడి మంచి జాబులకూ చెడ్డపేరు తెస్తుంది కాబట్టి, వడపోత మళ్లింపుకు ముందే జరగాలి. తనకు చేరినప్పుడు జాబు ఏ పరీక్షలు నెగ్గిందో మళ్లించేవాడు వ్రాసి సంతకం చేసే ఆర్క్ పద్ధతి 2019లో ప్రయోగాత్మకంగా వచ్చింది గాని, కానూరు సాక్ష్యాన్ని కాలిఫోర్నియాలోని గూగుల్ నమ్మాలన్న నిర్బంధం అందులో లేదు.

విశేషం: కవరు పేరు మార్చని చోట ఈ తిరస్కారం ఆడిటరుకే చేరుతుంది, తానెన్నడూ వ్రాయని జీమెయిలు చిరునామా తన జాబును ఎందుకు కాదన్నదో ఆయనకు బోధపడదు, ఈ టీకా చదివే తీరికా ఉండదు, కనుక అదే కాగితాన్ని వాట్సాప్‌లో పంపి డల్లాస్‌కు ఫోను చేస్తాడు.