లిఫ్టు గోడ మీది గమనికకు టీకా తాత్పర్యం

మూలం

"గమనిక: రేపు మంజీరా నీళ్ళు రావు. కావున నివాసితులందరూ నీటిని పొదుపుగా వాడుకొని సహకరించగలరు. మెయింటెనెన్స్ బాకీ ఉన్న కొందరు వెంటనే చెల్లించగలరు. ఇట్లు, కమిటీ."

అవతారిక

వనస్థలిపురంలో అయిదంతస్తుల అపార్ట్‌మెంటు. ఇరవై ఫ్లాట్లు, ఒక లిఫ్టు, ఒక సంపు, ఒక బోరు, ఒక కమిటీ. లిఫ్టులో అద్దం పక్కన బ్రౌన్ టేపుతో అతికించిన కాగితం మీద ఉన్నది పై మూలం. పద్యం కాదు, యతిప్రాసల జోలి లేదు. అయినా ఈ భవనంలో నిత్యపారాయణ జరిగే గ్రంథం ఇదొక్కటే. వావిళ్ళవారు 1854 నుంచి అచ్చువేసిన కావ్యాలకు కూడా ఇంతటి బందీ పాఠకులు దొరికి ఉండరు. లిఫ్టులో తల తిప్పుకుందామన్నా అటువైపు అద్దమే.

కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యానం రాసిన మల్లినాథసూరి మన మెదక్ సీమలోని కొలచారం వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఒట్టేసుకుని మరీ కలం పట్టాడు. ఈ టీకాకారుడు మొదటి షరతుకు కట్టుబడతాడు. రెండోదానికి కూడా కట్టుబడితే అపార్ట్‌మెంటు గురించి రాయడానికేమీ మిగలదు.

ప్రతిపదార్థం

గమనిక = గ్రంథారంభంలో చేసే మంగళాచరణం. దీన్నెవరూ గమనించరు.

రేపు = రేపటి దినమున. ఏ దినానికి రేపు? కాగితం మీద తేదీ లేదు. మరచిపోయారని కొందరు. ఆ వాదం నిలవదు, ఎందుకంటే ఈ పేటలో నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. ప్రధాన పైపులైను మరమ్మతు ఉంటే జలమండలి ప్రకటన ముందే పేపర్లో పడుతుంది. అలాంటిదేమీ పడలేదు. అంటే కవి చెప్పిన "రేపు" మనకు వంతు లేని రోజు మాత్రమే. తేదీ వేయకపోతే ఈ వాక్యం రెండు రోజులకొకసారి తనంతట తానే నిజమవుతుంది. తేదీ వేస్తే మర్నాటికి కాగితం పీకేయాల్సి వస్తుంది. పీకేస్తే దానితోబాటు మూడో వాక్యం పోతుంది. ఈ రహస్యం ముందుముందు తేటపడుతుంది.

మంజీరా నీళ్ళు = కృష్ణా నీళ్ళు. అచ్చుతప్పు కాదు. మంజీర నగరానికి పడమటి దిక్కుది. వనస్థలిపురం తూర్పున, విజయవాడ రోడ్డు మీద ఉంది. ఇక్కడి కుళాయిలోకి వచ్చేది నాగార్జునసాగర్ నీరు. అక్కంపల్లి జలాశయం నుంచి కోదండాపూర్‌లో శుద్ధి అయి, వంద కిలోమీటర్ల పైచిలుకు పైపుల్లో ఎగదోయించుకుంటూ సాహెబ్‌నగర్ చేరి, అక్కడి నుంచి మన సంపులోకి దిగుతుంది. కృష్ణా నీరు నగరానికి 2004 నుంచి వస్తోంది. అయినా "కృష్ణా నీళ్ళొచ్చాయా వదినా?" అని అడిగిన మనిషి ఈ భవనంలో లేదు. బోరువి కానివన్నీ మంజీరావే. 2015లో సింగూరు, మంజీర అడుగంటిపోయినప్పుడూ ఆ పేరు మారలేదు. ఆలంకారికులు దీన్ని రూఢిలక్షణ అంటారు. వాచ్‌మన్ మంచినీళ్ళంటాడు. అతని పాఠమే గ్రాహ్యం.

కావున = అందువలన. శాస్త్రులెవరైనా హేతువు అడిగితే చూపించడానికి వేసిన పదం.

నివాసితులందరూ = ఇక్కడ నివసించేవారంతా. ఓనర్లు అనలేదు, గమనించాలి. మీటింగుకు పిలిచేటప్పుడు "ఫ్లాటు యజమానులు" అని ఉంటుంది, పొదుపుకు వచ్చేసరికి "నివాసితులు" అవుతారు. యజమానుల్లో ఇద్దరు డాలస్‌లో ఉంటారు. వాళ్ళకిక్కడ నీళ్ళు లేని సంగతి వాట్సాప్‌లో తెలుస్తుంది, వెంటనే ఒక దణ్ణం బొమ్మ పెడతారు. 2021 ఆరంభంలో నెలకు 20,000 లీటర్ల ఉచిత నీటి పథకం వచ్చి, ఫ్లాటుఫ్లాటుకూ ఆధార్ జోడించమన్నప్పుడుగాని ఎవరు ఓనరో ఎవరు అద్దెకున్నారో కమిటీకి పూర్తిగా తెలియలేదు.

సహకరించగలరు, చెల్లించగలరు = ఈ "గలరు" ప్రార్థనార్థకమా, శక్త్యర్థకమా అని చర్చ. మొదటిది ప్రార్థన. రెండోది ముమ్మాటికీ శక్త్యర్థకం. చెల్లించగల శక్తి వారికుంది అని కమిటీ సాక్ష్యమిస్తోంది. ఆ సాక్ష్యమేమిటో కింది పదంలో చూడండి.

కొందరు = 302 వారు. కావ్యానికి ప్రాణమంతా ఈ పదంలో ఉంది. బాకీ ఉన్నది ఒక్క ఫ్లాటే. ఏకవచనం వాడాల్సిన చోట బహువచనం వాడారు. గౌరవం కోసమా అంటే కొంత అదీ ఉంది. బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలతో మొదలైన గణేశుడి లడ్డూ వేలం అక్కడ ముప్పై లక్షలు దాటింది. మన సెల్లారుకూ ఆ ఆచారం వచ్చింది. మొన్నటి చవితికి పోటాపోటీగా పాడి లడ్డూ దక్కించుకున్నది 302 వారే. అక్షతలు చల్లించుకుని, శాలువా కప్పించుకుని, ఫ్లాటుఫ్లాటుకూ ప్రసాదం పంచారు. ఆ శాలువా కప్పింది సెక్రటరీగారు. కప్పేటప్పుడు ఆయన మొహంలో లెక్కల పుస్తకం కనిపించిందని 104 వారి కథనం.

పేరు రాసేస్తే పోయేది కదా అనవచ్చు. అనేవాడు ఈ లిఫ్టు ఎక్కినవాడు కాదు. నలుగురు పట్టే డబ్బాలో రేపు పొద్దున భుజం భుజం రాసుకుంటూ నిలబడాలి. వాళ్ళమ్మాయి పెళ్ళికి తొలి శుభలేఖ అందుకోవాలి. కర్రీపాయింటు పొట్లాలతో ఎదురుపడితే "ఏం కూర సార్?" అని అడగాలి. పేరు రాసిననాడు బాకీ వసూలవుతుందేమో గానీ ఆ ప్రశ్న నోట్లోంచి రాదు. "కొందరు" అనేది పిరికితనమని ఎవరైనా అంటే ఈ టీకాకారుడు ఒప్పుకోడు. గోడకు అటూ ఇటూ ఇరవయ్యేళ్ళు బతకాల్సిన వాళ్ళు కనిపెట్టిన అలంకారమిది.

ఇట్లు, కమిటీ = ఇట్లు, సెక్రటరీగారు. మిగతా నలుగురికి ఈ కాగితం సంగతి లిఫ్టెక్కాకే తెలిసింది.

తాత్పర్యం

పొద్దు కుంకిందన్న ఒక్క మాట వినేవారిని బట్టి ఒక్కొక్క పనికి పురికొల్పుతుందని అలంకారశాస్త్రం చెబుతుంది. "నీళ్ళు రావు" కూడా ఆ జాతిదే. అయిదో అంతస్తు వారికి, ఈ రాత్రే డ్రమ్ములు నింపుకోవాలని అర్థం. మొదటి అంతస్తు వారికి, పైవాళ్ళు ఈ రాత్రే డ్రమ్ములు నింపేస్తారని అర్థం. పనిమనిషికి, గిన్నెలు పేరుకుంటాయని. వాచ్‌మన్ భార్యకు, బిందెలు పట్టుకుని పక్క బిల్డింగుకు వెళ్ళాలని. ట్యాంకరు అతనికి పండగ. 302 వారికి మాత్రం వాచ్యార్థమే తడుతుంది. వారు ఆ కాగితం చదివి, "నీళ్ళు రావటండీ రేపు" అని లిఫ్టులోనే సెక్రటరీగారిని పలకరించారు.

పాఠాంతరం

గేటు దగ్గరి ప్రతిలో "కొందరు"కు బదులు "ఒకరిద్దరు" అని ఉంది. అది తొలి చిత్తుప్రతి అయి ఉంటుంది. దాన్ని చూసి ఏ బాకీ లేని 403 వారు, ఆ రెండోవారు మేమేనా అని రసీదులు పట్టుకుని కిందికి దిగారట. ఆ తర్వాతే లిఫ్టు ప్రతిలో సంఖ్య పెంచి దోషం సవరించారని పండితుల ఊహ.

క్షేపకం

లిఫ్టు ప్రతిలో అడుగున, ఆకుపచ్చ బాల్‌పెన్నుతో ఒక వాక్యం చేరింది: "లడ్డూ తిన్నవారు బాకీ కూడా కడితే బాగుండు." మూలంలోది కాదు, చేతిరాత. ప్రక్షిప్తమని అందరూ తోసిపుచ్చారు, పిల్లల అల్లరన్నారు. కర్తృత్వ విచారణ చేయక తప్పదు. భవనంలో ఆకుపచ్చ పెన్ను ఒక్కటే ఉంది, వాచ్‌మన్ బల్ల మీది విజిటర్స్ రిజిస్టరుకు దారంతో కట్టి. దారం మూరెడు. బల్ల దగ్గరి నుంచి లిఫ్టులోకి అందదు. రాసినవారు రిజిస్టరుతో సహా లిఫ్టెక్కి ఉండాలి. దాన్ని బల్ల మీంచి తీసే అధికారం ఇద్దరిదే. వాచ్‌మన్ ఒడిశా నుంచి వచ్చాడు, తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ రాయడం రాదు. రెండోవారు ప్రతి ఆదివారం ఆ రిజిస్టరును పైకి తీసుకెళ్ళి సంతకం పెట్టి దింపుతారు. మూలకర్తా క్షేపకకర్తా వేరువేరన్న వాదాన్ని ఈ టీకాకారుడు అంగీకరించలేడు.