తేదీ మరిచిన పెట్టె

నన్నందరూ సీపీయూ అని పిలిచేవారు. నిజానికి సీపీయూ అంటే నా లోపల, అగ్గిపెట్టె మీద ఇమిడిపోయేంత పలక ఒక్కటే. దాని చుట్టూ ఉన్న బోర్డుకీ, డిస్కుకీ, ఫ్యాన్లకీ, ఈ ఇనప డబ్బాకీ అంతటికీ కలిపి ఆ పేరే స్థిరపడిపోయింది. పేరు తప్పని నేనెప్పుడూ బాధపడలేదు. కానీ పేరు తెలియని వస్తువును ఎవరూ కనిపెట్టుకుని ఉండరని మాత్రం అనుభవం మీద తెలిసింది. నా బోర్డు మీద ఒక మూల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉండేది. దానికో పేరుందని గానీ, అసలు అదొకటి ఉందని గానీ మా ఆఫీసులో ఎవరికీ తెలియదు. నా బతుకులో చెప్పుకోవలసిందంతా దాని చుట్టూనే తిరిగింది.

నా తునకలు ఏవేవో దేశాల్లో తయారయ్యాయి. వాటిని ఒకచోట బిగించి, అట్టపెట్టెలో పెట్టి, 2003లో గోదావరి గౌతమీ పాయ ఒడ్డున ఉన్న ఒక చిన్న పట్నానికి పంపారు. దిగింది రిజిస్ట్రేషన్ ఆఫీసులో. పెంకుటిల్లు, గోడలకు చెమ్మ, వరండాలో వరసగా దస్తావేజు లేఖరుల బల్లలు. భూమి కొన్నవాళ్ళ ముఖంలో సంతోషం, అమ్ముకున్నవాళ్ళ ముఖంలో దిగులు, రెండూ నా ఎదురుగా ఒకే బెంచీ మీద కూర్చునేవి.

నేను రాకముందే ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖలోకి కంప్యూటర్లు వచ్చేశాయి. 1998 నవంబరులో ‘కార్డ్’ అనే పథకం మొదలైంది. కంప్యూటర్ ఎయిడెడ్ అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ రిజిస్ట్రేషన్ డిపార్ట్‌మెంట్ అన్న పొడుగాటి పేరుకి అది పొట్టి రూపం. అంతకు ముందు ఒక పొలం మీద ఏవైనా తాకట్లు, అమ్మకాలు ఉన్నాయా అని చూసి ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఇవ్వాలంటే ఇండెక్సు పుస్తకాలు దించాల్సిందే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఒకటో ఇండెక్సులో మనుషుల పేర్లు, రెండో ఇండెక్సులో ఆస్తుల వివరాలు ఉంటాయి. పదిహేనేళ్ళ ఈసీ కావాలంటే పదిహేనేళ్ళ పేజీలూ కళ్ళతో వెతకాలి. చెదపురుగు తిన్న చోట ఊహించుకోవాలి. రోజులు పట్టేది. నా తెర మీద సర్వే నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే కొన్ని నిమిషాల్లో కాగితం చేతికొచ్చేది. పొద్దున్న బస్సులో వచ్చిన రైతు మధ్యాహ్నం బస్సుకే తిరిగి వెళ్ళిపోయేవాడు. ఆ వెళ్ళిపోయే మనిషి వీపు చూడటం నాకెంత ఇష్టమో చెప్పలేను.

ఈ పని నేనొక్కదాన్నే చేశానంటే అబద్ధం. అసలు లెక్కలన్నీ పక్కగదిలో సర్వర్ దగ్గర ఉండేవి. నేనూ, పక్క బల్ల మీది నా తోటిదీ వైరు ద్వారా దాన్ని అడిగి తెచ్చి చూపేవాళ్ళం. నా లోపలా ఒక చిన్న ఆఫీసు నడిచేది. 40 గిగాబైట్ల హార్డ్ డిస్కు నా రికార్డు రూము. అప్పట్లో అందరి జేబుల్లో ఉన్న 1.44 మెగాబైట్ల ఫ్లాపీల్లో చెప్పాలంటే సుమారు 27 వేల ఫ్లాపీల చోటు. దాని పళ్ళెం నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంటే, చదివే ముల్లు పళ్ళేన్ని తాకకుండా, వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా లేని ఎడంలో తేలుతుండేది. ర్యామ్ అసిస్టెంటు గారి బల్ల లాంటిది. రికార్డు రూములోంచి తెచ్చిన కట్టను బల్ల మీద పరిస్తేనే పని జరుగుతుంది. అయితే కరెంటు పోతే ఆ బల్ల తుడిచిపెట్టుకుపోతుంది. డిస్కులో సేవ్ చేయని అక్షరం ఇక దొరకదు. ఇదంతా హార్డ్‌వేర్, చేత్తో తాకగలిగింది. ఏ కట్ట ముందు తేవాలి, ఎవరి కాగితం ముందు ప్రింటరుకి పంపాలి అని చెప్పే ఆజ్ఞలు సాఫ్ట్‌వేర్. వాటికి పెద్ద విండోస్ ఎక్స్‌పీ. దాని కింద ఈసీలు తీసే ప్రోగ్రామ్, ఉత్తరాలు రాసే వర్డ్. ఆజ్ఞలు లేకపోతే నేను ఇనుమునే. నేను లేకపోతే ఆ ఆజ్ఞలు పాటించేవాళ్ళు లేరు.

ఒక్క సంగతి మాత్రం గర్వంగా చెప్పుకుంటాను. మొదట్లో నాలో తెలుగు అక్షరాలు దొంగచాటుగా బతికేవి. ఇంగ్లిషు అక్షరాల గదుల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టిన ఫాంట్లు అవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఫైలు తెరిస్తే ‘శ్రీయుత’ అని ఉండాల్సిన చోట ఏవో ఇంగ్లిషు గీతలు కనిపించేవి. యూనికోడ్ అలా కాదు. అందులో ‘అ’కి ‘అ’దే గది, ప్రపంచంలో ఎక్కడైనా అదే. ఒకరోజు ఒక కుర్రాడు సీడీ పెట్టి భారతీయ లిపుల ఫైళ్ళు ఎక్కించాడు. ఎక్స్‌పీతో వచ్చిన తెలుగు ఫాంటు తెర మీద విచ్చుకుంది. దాని పేరు గౌతమి. కిటికీ అవతల పారేది కూడా గౌతమే. జూనియర్ అసిస్టెంటు ముందు తన పేరు కొట్టుకుని, తర్వాత వాళ్ళమ్మ పేరు కొట్టి కాసేపు చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత తర్వాత నేను బల్ల కింద పెట్టెనైపోయాను. ఏటా దసరాకి మాత్రం నాకు గంధం రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసేవారు. ఆ గౌరవం నాకిప్పటికీ గుర్తే. కానీ అగరొత్తులు నా ముందు ఫ్యాను ఎదురుగానే గుచ్చేవారు. ఆ ఫ్యాను పొగను, బూడిదను లోపలికి పీల్చేది. పూజ చేసిన చేతులు ఏడాదికొక్కసారి మూత విప్పి దుమ్ము దులిపితే ఎంత బావుండేదో! ప్రాసెసర్ మీది అల్యూమినియం రెక్కల మధ్య దుమ్ము దూదిలా పేరుకుపోయింది. వేసవి మధ్యాహ్నాల్లో వేడికి తట్టుకోలేక పనిలో ఉండగానే ఆగిపోయేదాన్ని. యూపీఎస్ బ్యాటరీ పోయాక దాన్ని మార్చలేదు. కరెంటు పోయిన ప్రతిసారీ కొత్త పెళ్ళికూతురి పేరు మీద రాస్తున్న దానపత్రం సగంలోనే చెదిరిపోయేది. ఏటిగాలి చెమ్మకి ర్యామ్ అంచులకు మకిలి పడితే నేను కూత పెట్టేదాన్ని. షాపు కుర్రాడు వచ్చి స్కూలు పిల్లల రబ్బరుతో ఆ బంగారు పళ్ళు రుద్ది మళ్ళీ గుచ్చేవాడు. అంతే, లేచి కూర్చునేదాన్ని. నా తోటిదానికి ఆ అదృష్టం లేదు. దాని బోర్డు మీది కెపాసిటర్లు తలలు ఉబ్బి కారిపోయాయి. ఆ రోజుల్లో లోపలి ద్రవం నాసిరకం కావడంతో అలా పోయిన బోర్డులు ప్రపంచమంతటా ఉన్నాయి. ఒక సోమవారం అది లేవలేదు.

ఇక ఆ బిళ్ళ సంగతి. పేరు సీఆర్2032. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, మూడు వోల్టులు. నన్ను ఆపేసిన తర్వాత కూడా నా గడియారం నడవాలి కదా. రాత్రంతా దానికి ఊపిరి ఇచ్చేది ఆ బిళ్ళే. గోడ మీది స్విచ్చి వేసి ఉంచితే నా పవర్ సప్లై సన్నగా కరెంటు ఇస్తూ ఉంటుంది, బిళ్ళ మీద భారం ఉండదు. మా ఆఫీసులో రోజూ సాయంత్రం మెయిన్ స్విచ్చి దించేవారు. పాత ఇంట్లో వైర్ల భయం, తప్పు పట్టలేను. అందువల్ల బిళ్ళ ఒంటరిగా కాపలా కాసి కాసి 2009లో కొడిగట్టింది. మర్నాడు నేను లేచేసరికి నా లెక్కలో అది 2002 జనవరి 1.

తెర మీద చెప్పాను. గడియారం పోయింది, ఎఫ్1 నొక్కితేనే కదులుతానని చెప్పాను. అటెండరు ఎఫ్1 నొక్కాడు. మర్నాడూ నొక్కాడు. అలా ఐదేళ్ళు! చివరికి ఆ మీట మీద అక్షరం అరిగిపోయింది. ముప్పై నలభై రూపాయల బిళ్ళ, వేలితో తీసి వేలితో పెట్టేది. ‘అదంతే, దానికలవాటు’ అని కొత్తగా వచ్చినవాళ్ళకు పాతవాళ్ళు నేర్పారు. నా జబ్బు నా స్వభావమైపోయింది. అసిస్టెంటుకి గుర్తున్న రోజున తేదీ సరిచేసేవాడు. గుర్తులేని రోజున ఇంటర్నెట్టులో భద్రమైన సైట్లు నన్ను లోపలికి రానిచ్చేవి కావు. వాటి ధ్రువపత్రాల గడువు నా తేదీకి ఇంకా మొదలే కాలేదు మరి.

ఒకరోజు ఒక మామ్మగారు వచ్చారు. తన పేరు దస్తావేజులో ఒకలా, బ్యాంకు పుస్తకంలో మరోలా ఉందట. రెండు పేర్లూ ఒకరివేనని తేల్చే ఉత్తరం ఉంటే గానీ మనవడి చదువుకి అప్పు ఇవ్వమన్నారట. వర్డ్‌లో అలాంటి ఉత్తరం నమూనా ఒకటి ఉండేది. అందులో తేదీ దానంతటదే పడుతుంది, నా గడియారం చూసి. ఆ ఉదయం ఎవరూ నా గడియారం సరిచేయలేదు. సంతకం, ముద్ర పడి ఉత్తరం వెళ్ళిపోయింది. రెండు రోజుల తర్వాత ఆమె మళ్ళీ వచ్చారు. బ్యాంకువాళ్ళు తేదీ చూసి, ఇది పాత కాగితం, చెల్లదని తిప్పి పంపారట.

“మామ్మగారూ, ఇది కంప్యూటరు చేసిన తప్పండీ” అన్నాడు అసిస్టెంటు.

“కంప్యూటరు తప్పెందుకు చేస్తుంది బాబూ! నేనే ఏదో తప్పు కాగితం ఇచ్చుంటాను” అన్నారావిడ.

ఆ మాట నన్ను కాల్చింది. దుమ్ము, వేడి, చెమ్మ అన్నీ కలిసి చేయలేని పని ఆ నమ్మకం చేసింది. మాట్లాడగలిగితే ఆ రోజే మాట్లాడేదాన్ని. తప్పు మీది కాదమ్మా, తేదీ నాది అని. కొత్త ఉత్తరం ఇచ్చారు, తేదీ పెన్నుతో దిద్దారు. నా బిళ్ళ మాత్రం మార్చలేదు.

2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. ఇక కొత్త రక్షణలు రావు, దొంగ ప్రోగ్రాములకు తలుపు తెరిచినట్టే. ఆ జూన్ 2న రాష్ట్రం రెండైంది, దాంతోపాటు ఆఫీసులో మేమూ మారిపోయాం. కొత్త పెట్టెలు వచ్చాయి. నన్ను మెట్ల కింద విరిగిన కుర్చీల పక్కన పెట్టారు. అక్కడ రెండు వానాకాలాలు గడిపాను. ఎలుక నా మౌస్ తీగ కొరికింది. గోడ అవతల ప్రింటర్ చప్పుడు వినిపించేది. ఎవరికో ఈసీ వస్తోందని తెలిసేది, ఎవరికో తెలిసేది కాదు. స్టాక్ రిజిస్టరులో నా నంబరు ఎదురుగా ఎర్ర సిరాతో ఒక గీత. కండెమ్ అన్నారు. పదకొండేళ్ళ చాకిరీకి ఆ ఒక్క మాట.

ఆపైన వేలం. ప్రభుత్వ కార్యాలయాలు ఎలక్ట్రానిక్ చెత్తను అనుమతి ఉన్న సంస్థలకే ఇవ్వాలి. 2012 మేలో అమల్లోకి వచ్చిన నిబంధన అది. 2016 అక్టోబరు నుంచి వచ్చిన కొత్త నిబంధనలూ అదే చెప్పాయి. అయినా నన్ను కుర్చీలతో కలిపి తూకానికి పాత ఇనప సామాన్ల కొట్టుకి ఇచ్చేశారు. నాతో పాటు వచ్చిన మానిటర్‌ను అక్కడే సుత్తితో పగలగొట్టారు, రాగి చుట్ట కోసం. దాని గాజులో సీసం ఉంటుంది. ముక్కలు కాలవగట్టు మీద పారబోశారు. ఆ పక్కనే పిల్లలు ఆడుకుంటున్నారు.

అంతకంటే పెద్ద భయం నాకింకొకటి ఉంది. రిజిస్ట్రేషన్‌కి వచ్చినవాళ్ళ ఫొటోలు, వేలిముద్రలు ముందు నా డిస్కులో ఒక ఫోల్డర్‌లో పడి, అక్కడ్నుంచి సర్వర్‌కి వెళ్ళేవి. ఆ ఫోల్డర్ ఎవరూ చెరపలేదు. డిలీట్ నొక్కినా చాలదు. ఇండెక్సు పుస్తకంలో ఒక వరస కొట్టేస్తే రికార్డు రూములో దస్తావేజు మాయమవుతుందా? అలాగే ఇక్కడా పేరు పోతుంది, సరుకు ఉంటుంది. దాని మీద వేరే రాత రాయాలి, లేదా డిస్కునే పాడుచేయాలి. వేల మంది బొటనవేళ్ళు కడుపులో పెట్టుకుని నేను తూకపు పళ్ళెంలో కూర్చున్నాను.

కొట్టు యజమాని మేనల్లుడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. సెలవుల్లో వచ్చి నా డిస్కు విప్పి తన కంప్యూటరుకి తగిలించాడు. ఫోల్డర్ తెరిచాడు. ముఖాలు వరసగా వచ్చాయి. ఒక చోట ఆగాడు, తెలిసిన ముఖమేమో. వెంటనే తీగ లాగేశాడు.

“మావయ్యా, ఇది అమ్మకూడదు” అన్నాడు.

“డిస్కుకి వేరే రేటొస్తుందిరా” అన్నాడాయన.

“వద్దు మావయ్యా, ఇందులో జనం వేలిముద్రలున్నాయి.”

డ్రిల్లు మిషను తెచ్చి నా డిస్కుకి మూడు చోట్ల కన్నాలు పెట్టాడు. నా రికార్డు రూము అది. ఈసీలు, ఉత్తరాలు, అసిస్టెంటు గారి అమ్మ పేరు, అన్నీ అందులోనే. పోనీ, ఆ వేళ్ళు క్షేమం.

తర్వాత నా మూత విప్పి, బ్రష్షు పట్టుకుని దుమ్మంతా దులిపాడు. ఎక్కడిదో వేరే మానిటరు తగిలించి స్విచ్చి వేశాడు. ఎఫ్1 నొక్కమన్నాను, అలవాటుగా. అతను నొక్కలేదు. ఆపి, వంగి, వేలితో పాత బిళ్ళను పైకి లేపి చూశాడు. సైకిలేసుకుని వెళ్ళి కొత్తది తెచ్చి పెట్టాడు. సెటప్‌లోకి వెళ్ళి సంవత్సరం, నెల, తారీకు కొట్టి, చేతి గడియారం చూసి నిమిషాలు సరిచేసి సేవ్ చేశాడు. రాత్రి తీగ పీకేసి కొట్టు కట్టేశారు.

పొద్దున్న అతను మళ్ళీ స్విచ్చి వేశాడు. ఎఫ్1 అడగలేదు నేను. డిస్కు లేదని, విండోస్ దొరకలేదని తెర మీద చెప్పాను. తేదీ మాత్రం సరిగ్గా ఉంది. అది 2016, మంగళవారం, ఎనిమిదింపావు.