దోమలకు రాజపోషణ

నగరంలో ఏ చెరువుకైనా సుందరీకరణ యోగం పట్టిందంటే ముందుగా దిగేది పొక్లెయిన్. ఒడ్డున ఉన్న జమ్మూ తుంగా ‘పిచ్చిమొక్కల’ కింద లెక్కేసి పీకేస్తుంది. ఆ చోట రాతి పేర్పు, దాని మీద వాకింగ్ ట్రాక్, పక్కనే గుండె బొమ్మతో సెల్ఫీ పాయింట్. నడుమ రంగుల ఫౌంటెన్. మురుగు కాలువ మాత్రం ఎప్పటిలాగే చెరువులోకే. దాన్ని మళ్లించడానికి నిధులు చాలవు మరి!

రిబ్బన్ కత్తిరించిన కొన్నాళ్లకు సాయంత్రాలు దోమలు ముసురుతాయి. ఎక్కడినుంచి వచ్చాయా అని అందరం తెగ ఆశ్చర్యపోతాం.

ఎక్కడినుంచో రాలేదు. క్యూలెక్స్ దోమ పిల్ల మురుగులో తలకిందులుగా వేలాడుతూ, తోక చివరి గొట్టాన్ని పైకి పెట్టి గాలి పీలుస్తుంది. నీళ్లలో ఆక్సిజన్ ఉంటే ఎంత, లేకుంటే ఎంత! దాన్ని తినే తూనీగ పిల్లకు ఆ వెసులుబాటు లేదు. చెప్పుకోవడానికి కాస్త మొహమాటమే గానీ, దాని మొప్పలు ఉండేది మలద్వారం లోపల. అక్కణ్నుంచి నీళ్లు పీల్చి వదులుతూ బతుకుతుంది. మడిచి దాచుకున్న కింది పెదవిని రెప్పపాటులో ముందుకు విసిరి దోమ పిల్లను లాగేస్తుంది. మురుగు చేరితే ముందు ఊపిరాడక పోయేది ఈ వేటగత్తే. బతికి బట్టకట్టినా, రెక్కలు విప్పుకోవడానికి పాకి ఎక్కాల్సిన జమ్ము కాడ ఏది? సన్న తూనీగలైతే గుడ్లు పెట్టేదే మొక్కల కాడల్లో. సెల్ఫీ పాయింట్‌లో పెట్టమందామా?

అప్పుడు రంగంలోకి గంబూసియా చేపలు వస్తాయి. పుట్టిల్లు అమెరికా, మన దేశానికి 1928లో ఇటలీ మీదుగా వచ్చాయి. ప్రపంచంలోని 100 అతి చెడ్డ చొరబాటు జీవుల జాబితాలో వీటికి చోటుంది. దోమ పిల్లల్ని తినమని వదిలితే తోకకప్పల్నీ, అప్పుడే పుట్టిన తూనీగ పిల్లల్నీ, ఇతర చేపల గుడ్లనూ కూడా ఆరగిస్తాయి. అయినా ఏటా వానాకాలం గంపలకొద్దీ వదలడం, ఫొటో దిగడం ఆనవాయితీ. డెంగీ పేరు చెప్పి చెరువు మీద డ్రోన్‌తో మందు కొట్టడం మరో ముచ్చట. డెంగీ మోసే ఏడిస్ దోమేమో మన కూలర్లో, పాత టైర్లో, కొబ్బరి చిప్పలో తేటనీళ్లు చూసుకుని కాపురం పెడుతుంది. పైన ఎగిరే డ్రోన్ శబ్దం దానికి వినోదం.

చెరువు బాగుందో లేదో తేల్చడానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నీటి పురుగుల్ని బట్టి మార్కులు వేసే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఓ వల, తెల్లటి పళ్లెం, పురుగును గుర్తుపట్టే కళ్లు ఉంటే చాలు. ఇంత చవకైన పనికి టెండరు ఎలా పిలుస్తారు, అదీ చిక్కు. పైగా సుందరీకరించిన చెరువు అడుగు దేవి పళ్లెంలో పోస్తే, మురుగును తట్టుకునే ఎర్ర పురుగులు తప్ప పెద్దగా ఏమీ కదలవు. ఫౌంటెన్ ఎర్రలైటుకు సరిగ్గా మ్యాచయ్యే రంగే కాబట్టి, వాటినీ సుందరీకరణ ఖాతాలో రాసుకోవచ్చు.