క్రిస్మస్ చీటీకి టీకా తాత్పర్యం

అవతారిక

మెదకు సీమలోని కొల్చారం మల్లినాథ సూరికి కాళిదాసు దొరికాడు. వేదం వేంకటరాయశాస్త్రిగారికి ఆముక్తమాల్యద దొరికింది. నర్సీపట్నంలో తెలుగు మాస్టారుగా బతుకుతున్న నాకు డిసెంబరు మొదటి ఆదివారం, చర్చికని తొడుక్కున్న చొక్కా జేబులో ఒక చీటీ దొరికింది. ఎవరి ప్రాప్తం వారిది. జాషువాగారి క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆ పద్యాలకు టీక రాద్దామని పదేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను. చీటీ ముందు దొరికింది కాబట్టి చీటీకే రాస్తున్నాను.

కవయిత్రి మా అమ్మాయి. ఆరో తరగతి. మూలప్రతి ఒక్కటే, రూళ్ళ నోటుపుస్తకం చివరి కాగితం. ఎడమపక్క చిరుగు, కుడిపక్క సాంబారు మరక. రచనాకాలం సెమీ క్రిస్మస్‌కు కొద్దిరోజుల ముందని విషయాన్ని బట్టి ఊహించవచ్చు.

మూలం

పాత పెళ్ళి కార్డు పారవేయకు నాన్న
చార్టు ఎర్రది ఒకటి పచ్చది ఒకటి
గమ్ము చిన్నది కాదు
చెమ్కీలు పది రూపాయలవి
అమ్మకి చెప్పకు

ఛందస్సు

తొలిచూపుకు ఇది గద్యం. నాకూ అలాగే అనిపించింది. అబీద్ సెంటర్ దాకా నడుస్తూ, మరిచిపోకుండా ఉండేందుకు మొదటి పంక్తిని మననం చేసుకుంటున్నాను. నాలుగోసారికి కాళ్ళు ఆగిపోయాయి. పాత, పెళ్ళి, కార్డు. మూడూ గలాలే, అంటే మూడు సూర్యగణాలు. ‘పారవే’ రగణం. ‘యకునాన్న’ సలం. రెండూ ఇంద్రగణాలు. పాదం మొదట ‘పా’, నాలుగో గణం మొదట ‘పా’. యతి కూడా పడింది. నికార్సైన ఆటవెలది మొదటి పాదం! పదిహేనేళ్ళుగా తొమ్మిదో తరగతికి ఆటవెలది లక్షణాలు చెప్తున్నాను. ఒక్కడంటే ఒక్కడు ఒక్క పాదం రాసి చూపించలేదు. చివరికి సామాన్ల చీటీలో వచ్చి పడింది. వెనకనుంచి ఆటోవాడు హారన్ కొట్టేదాకా నేను రోడ్డు మధ్యలో ఉన్న సంగతి నాకు తెలియలేదు.

పాఠాంతరం

‘పారేయకు’ అని కొందరి పాఠం. కొందరంటే మా ఆవిడ. వాడుకలో అలాగే అంటాం గదా అని ఆమె వాదం. కాని ఆ పాఠం తీసుకుంటే ‘పారేయ’ తగణమై నిలిచినా, వెనక మిగిలిన ‘కునాన్న’ ఏ ఇంద్రగణంలోనూ ఒదగదు. పైగా మూలప్రతిలో మొదట ‘పారయకు’ అని పడి, తర్వాత హంసపాదం పెట్టి ‘వే’ను పైన ఇరికించిన జాడ స్పష్టంగా ఉంది. ఇది కవయిత్రి స్వహస్తంతో చేసిన పరిష్కారం.

“పిల్ల తప్పు రాసి దిద్దుకుందండీ. దానికి ఇంత పొంగిపోవాలా?” అని మా ఆవిడ. అయిదో పంక్తి కనబడకుండా బొటనవేలు అడ్డం పెట్టి చీటీ ఆమెకు చూపించాను. “ఆ వేలెందుకు అక్కడ?” అంది. ఆ కథ తర్వాత.

సంబోధనలో ‘నాన్నా’ అని దీర్ఘం ఉండాలి గదా అని ఇంకొక ఆక్షేపణ. దీర్ఘం తీస్తే సలం చెడుతుంది. అయినా నిజజీవితంలో ఆ పిల్ల దీర్ఘం తీయకుండా నన్ను పిలిచింది లేదు. పైగా ముందు ‘ఏటి’ ఒకటి చేర్చి ‘ఏటి నాన్నా’ అంటుంది. ఛందస్సు కోసం అంతటి అలవాటును వదులుకుందంటే సామాన్యం కాదు.

ప్రతిపదార్థం

పాత = ముహూర్తం దాటిపోయిన. పెళ్ళి కార్డు = శుభలేఖ. పాత పెళ్ళి కార్డులో పెళ్ళి ఉండదు, నర్సీపట్నం రోడ్ రైల్వే స్టేషన్లో నర్సీపట్నం లేనట్టే. రైలు దిగినవాడు ఇంకా బస్సెక్కాలి. కార్డు మాత్రం బీరువా మీద అట్టపెట్టెలో ఏళ్ళ తరబడి కూర్చుంటుంది. కోటవురట్ల, రోలుగుంట, గొలుగొండ, మాకవరపాలెం, నాతవరం... ఎటువైపు చుట్టం పిలిచినా ఆ పెట్టెలోకే. నాలుగు మూలలా పసుపు, లోపల బంగారు రంగు అచ్చు, వేలితో తడిమితే తగిలే ఉబ్బెత్తు బొమ్మలు, చేతిలో బరువుగా ఆనే అట్ట. ఇంత మంచి కాగితం పుస్తకాల షాపులో కొనాలంటే నా జీతం ఆలోచిస్తుంది. మా ఇంట్లో రెండు రకాలూ ఉంటాయి. హిందూ చుట్టాల కార్డుల మీద గణపతి, కలశం, కొబ్బరికాయ. మావాళ్ళ కార్డుల మీద సిలువ, రెండు పావురాలు, ఒక వాక్యం. కవయిత్రి మొదటి రకం నుంచి బంగారు అంచు తీసుకుంటుంది, రెండో రకం నుంచి పావురాలు.

కార్డు = అన్యదేశ్యం. దీని పుట్టుక చెప్పకపోతే టీక అసంపూర్ణం. 1843లో లండనులో హెన్రీ కోల్ అనే ఉద్యోగస్తుడికి పండగ ఉత్తరాలకు జవాబులు రాసే తీరిక లేకపోయింది. అప్పటికి మూడేళ్ళ కిందటే ఒక్క పెన్నీకి దేశంలో ఎక్కడికైనా ఉత్తరం పోయే తపాలా వచ్చింది. దాన్ని తేవడంలో ఆయన చెయ్యీ ఉంది. తను తవ్విన గోతిలో తనే పడ్డాడన్నమాట. జవాబివ్వకపోతే మర్యాద కాదు, రాయాలంటే చెయ్యి రాదు. జాన్ కాల్కాట్ హార్స్‌లీ అనే చిత్రకారుడితో బొమ్మ వేయించి, వెయ్యి దాకా అచ్చొత్తించి, తనకు కావలసినవి ఉంచుకొని తక్కినవి షిల్లింగుకొకటి చొప్పున అమ్మించాడు. బొమ్మలో ఇంటిల్లిపాదీ, చంటిపిల్లతో సహా, ద్రాక్షసారా తాగుతున్నారని మద్యనిషేధం వాళ్ళు గోల చేశారు. అదంతా పక్కన పెడితే, చేతిపని తప్పించుకోవడానికి పుట్టిన వస్తువు కార్డు. దాని కోసం మా ఇంట్లో ఒక పిల్ల మూడు ఆదివారాలు కత్తెర దించలేదు. కోల్‌గారు చూస్తే ఇదేం తిరకాసమ్మా అని అడిగి ఉండును.

పారవేయకు = ఈ పాదానికి ప్రాణం ఈ క్రియ. ఫలానాది కొనమనడానికి ముందు ఫలానాది ఉంచమనడం చూడండి. ఇక్కడ వ్యంగ్యార్థం నా మీదికి వస్తుంది. నేను పారేసే మనిషిని. ప్రతి భోగికీ ముందు ఇల్లు సర్ది, కనిపించిన కాగితమల్లా పాత సామాన్లవాడికి కిలోల లెక్కన తూచేస్తాను. నిరుడు అలా పోయిన కట్టలో మా పిన్నిగారి మనవరాలి పెళ్ళి కార్డు ఉందట. నెమలి బొమ్మదట. ఆ నెమలి కోసం కవయిత్రి రెండు రోజులు అన్నం సరిగా తినలేదని నాకు ఈ ఏడు తెలిసింది. కాబట్టి ‘పారవేయకు’లో ప్రార్థన కంటె అభియోగం పాలు ఎక్కువ.

ఆక్షేపణ - సమాధానం

వినాయకుడున్న కార్డును కోసి క్రిస్మస్ నక్షత్రం చేయవచ్చునా? ఈ ప్రశ్న వేసింది ఎదురింటి మామ్మగారు. సమాధానం కవయిత్రి దగ్గర ముందే సిద్ధంగా ఉంది. దేవుడి బొమ్మ మీద కత్తెర పడకూడదు. బొమ్మ చుట్టూ జాగ్రత్తగా కోసి, బిస్కెట్ల డబ్బాలో వేసి, మామ్మగారికి ఇచ్చేస్తుంది. ఆవిడ వాటిని పాల లెక్క పుస్తకం అట్టకీ, బియ్యం డబ్బాకీ అంటించుకుంటుంది. ఈ డిసెంబరుకి పదకొండు మంది గణపతులు వీధి దాటారు. బదులుగా మామ్మగారి నుంచి అరిసెలు ఇటు దాటాయి.

రెండో పంక్తి

చార్టు ఎర్రది నక్షత్రానికి, పచ్చది చెట్టుకు. నక్షత్రమంటే వృత్తాన్ని అయిదు పాళ్ళు చేయడం, పాలికి 72 డిగ్రీలు. జామెట్రీ పెట్టెలో కోణమానిని కొన్న ఇన్ని నెలలకు దానికి పని తగిలింది. ఈ సంబంధం కొత్తదేమీ కాదు. జర్మనీలోని నీస్కీలో మొరేవియన్ సంఘంవారి బడిలో, 1830లలో, అనేక కోణాల కాగితపు నక్షత్రాన్ని పిల్లలకు లెక్కల పాఠంగానే చేయించారు. ఇప్పుడది ఇళ్ళ ముందు వేలాడుతోంది. పాఠం ఎవరికీ గుర్తు లేదు.

తెల్లది అడగలేదేమి? ‘తెల్లది ఒకటి’ అని అధ్యాహారం చేసుకోరాదు. తెలుపు ఇంట్లోనే ఉంది. చిరిగిన తలగడలోని బూరుగు దూది. కార్డు మీద మంచు కురవాలంటే అదే. ఇక్కడ తెలుగుకు దక్కిన ఒక శ్లేష ఉంది. కార్డుల మీద కురిసేదీ మంచే, లంబసింగి దారిలో మన అద్దం మీద పట్టేదీ మంచే. చింతపల్లి వెళ్ళే రోడ్డెక్కి ఘాటు దాటితే, 1,000 మీటర్ల దాపు ఎత్తున, డిసెంబరు తెల్లవారుజామున ముందు నడిచే మనిషి కనబడడు. దాన్ని చూడటానికి రాత్రి రెండింటికే మా ఊరి మీంచి కార్లు బారులు కడతాయి. తక్కిన ఊళ్ళ పిల్లలు చూడని మంచును గీస్తారు. మావాళ్ళు సగం చూసిందాన్ని గీస్తారు. తెలుగులో పొగకూ గడ్డకూ ఒకే మాట ఉండబట్టి ఎవరూ అబద్ధమాడినట్టు కాదు.

చెట్టు విషయంలో ఆ వెసులుబాటు లేదు. కార్డు మీద పచ్చ చార్టుతో కోసింది దేవదారు. ఇంట్లో బకెట్టులో ఇసక పోసి నిలబెట్టింది సరుగుడు కొమ్మ. ఈ కోస్తాలో క్రిస్మస్ చెట్టంటే సరుగుడే. గాలేస్తే అది చేసే చప్పుడు దేవదారుకు వస్తుందో రాదో గాని, నాకు మాత్రం పండగ చప్పుడంటే అదే.

మూడో పంక్తి

‘గమ్ము చిన్నది కాదు’ అని ఉండగా చిన్నదే తెచ్చాను. ‘కాదు’ మీద మడత పడి కనబడలేదు. మూడో కార్డుకే సీసా ఖాళీ. అప్పుడు ప్రాచీన మార్గాలు పట్టాం. మొదట అన్నం మెతుకులు. కవరు అంటించడానికి మా నాన్నగారు జీవితమంతా వాడింది అదే. కాని పెళ్ళి కార్డు నున్నటి అట్ట మీద మెతుకు నిలవదు, జారుతుంది. తర్వాత మైదా ఉడకబెట్టిన బంక. బ్రహ్మాండంగా పట్టింది. తెల్లారేసరికి చీమలు రెండు పావురాలనూ ఒక గొర్రెపిల్లనూ భోంచేశాయి. పుస్తకాలు బైండు చేసేవాళ్ళు మైదా బంకలో మైలుతుత్తం కలిపేది ఇందుకే. అది విషం, పిల్లల చేతికి ఇవ్వకూడదు. మర్నాడు వెళ్ళి పెద్ద సీసా తెచ్చాను. వ్యాఖ్యాత మూలాన్ని సరిగా చదవకపోతే జరిగే నష్టానికి ఇంతకంటె ఉదాహరణ అక్కర్లేదు.

నాలుగో పంక్తి

చెమ్కీలు = తళుకు బిళ్ళలు. పది రూపాయలకు చిటికెడు. నిఘంటువు అవసరం లేదు, చీపురు చాలు. జనవరిలోనూ దొరుకుతాయి.

విశేషమేమంటే చెట్టుకు వేలాడే మిగతా సరంజామాలో కొన్నది ఏదీ లేదు. కోడిగుడ్ల అట్ట గుంటలు కోసి తిరగేస్తే గంటలు. బిస్కెట్ ప్యాకెట్ లోపలి వెండి కాగితం, టైలర్ దగ్గర తెచ్చిన పీలికలు, ఉల్లిపాయల సంచి ఎర్రవల. అన్నిటికీ పైన ముల్లు ఊడిన ఏటికొప్పాక బొంగరం. బలిఘట్టం దగ్గర ఉత్తరానికి తిరిగే మా వరాహ నదే కిందికి పోయి ఏటికొప్పాకను ఒరుసుకుంటుంది. అక్కడ అంకుడు కర్రను తిరుగుడు యంత్రానికి బిగించి, తిరుగుతుండగా లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటి వాటి రంగులను మళ్ళీ ఆ లక్కలోకి తెచ్చిన సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. బొమ్మలకు 2017లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా బొంగరం ఈ గౌరవాలన్నిటికంటె ముందుది. ముల్లు పోయాక తిరగడం మానేసి నాలుగేళ్ళు మంచం కింద ఉంది. ఇప్పుడు తలకిందులుగా, దారానికి, మళ్ళీ తిరుగుతోంది.

అయిదో పంక్తి

‘అమ్మకి చెప్పకు.’ ఇది ధ్వని కావ్యం. ఏది చెప్పకూడదో చెప్పలేదు. కార్డులు ఆశ్చర్యపరచడానికేమో అని నేను మొదట వాచ్యార్థం దగ్గరే ఆగిపోయాను. మా ఆవిడ బొటనవేలు తీయించి చదివింది. చదివి, మాట్లాడకుండా లోపలికి వెళ్ళి, బీరువా అడుగు అర తెరిచింది. అక్కడ మడతల్లో చీలిపోయిన పట్టుచీర ఒకటి ఉంటుంది. “పాత పట్టుచీరలు కొంటాం” అని మైకు పెట్టుకుని బండిమీద వచ్చేవాడికి జరీలోని వెండి కోసం వేద్దామని మూడేళ్ళుగా దాస్తోంది. అంచు జానెడు లేదు.

అపరాధిని పిలిచారు. వ్యాఖ్యాత తలుపు దగ్గర నిలబడ్డాడు.

“ఏటి నాన్నా, చెప్పీసావా?”

“నేను చెప్పలేదు. అమ్మే చదువుకుంది.”

మా ఆవిడ ఆ జానెడు ముక్క ఎక్కడని అడిగింది. పిల్ల మాట్లాడకుండా పుస్తకాల సంచిలోంచి ఒక కార్డు తీసింది. రెండుగా మడిచిన ఎర్ర చార్టు, అంచు చుట్టూ జరీ, మధ్యలో చెమ్కీలతో ‘అమ్మ’. ‘మ్మ’లో ఒత్తు కోసం చెమ్కీలు చాలక గడ్డం కింద రెండే ఉన్నాయి. మా ఆవిడ దాన్ని ముందూ వెనకా తిప్పి చూసింది. “అంచు వంకరగా కోశావు. కోసేదేదో మడత దగ్గర కోయకపోయావా, రెండోది కూడా వచ్చేది” అని, చీర బయట పెట్టి కత్తెర తెమ్మంది. బండివాడు ఆ తర్వాత రెండుసార్లు వీధిలోంచి అరుచుకుంటూ వెళ్ళాడు.

గ్రంథపాతం

మొదటి పాదం ఆటవెలది అని తెలిశాక తక్కిన మూడు పాదాలూ నేను పూరించాను. గమ్మూ చార్టులూ చెమ్కీలూ యతి తప్పకుండా ఇమిడిన పద్యం. గర్వంగా ఉంది కాబట్టి ఇక్కడ ఇద్దామనుకున్నాను. అది వృథా కాగితాల వెనకవైపు రాసుకున్నాను. శనివారం బడినుంచి వచ్చేసరికి ఆ కాగితాలు లేవు. ఒక వైపు రాసి ఉన్నా రెండో వైపు ఖాళీగా ఉంటే పనికొస్తుందని, రెండంగుళాల పట్టీలుగా కోసి, కడియానికి కడియం దూర్చి, గుమ్మం నుంచి కిటికీ దాకా గొలుసు కట్టారు. పెద్ద సీసా గమ్ముతో కట్టారు. ఊడదు.

క్యారల్స్ వాళ్ళు వచ్చి వెళ్ళిన రాత్రి, అందరూ పడుకున్నాక, స్టూలు వేసుకుని గొలుసు చదవడం మొదలుపెట్టాను. తొమ్మిదో కడియం మీద ‘చార్టు లె’ అని ఉంది. పద్నాలుగో దాని మీద ఎవరో ఎనిమిదో తరగతివాడి సంధి తప్పు, పక్కన నా ఎర్ర సున్నా. ఇరవైరెండో కడియం లోపలివైపు నా చేతిరాతే, తలకిందులుగా. మెడ వంచి చూస్తుండగా లైటు వెలిగింది.

“ఏటి నాన్నా, ఇంత రాత్రప్పుడు? దిగు, పడిపోతావు. గొలుసు లాగకు.”