వింత పిట్ట పద్యానికి టీకా తాత్పర్యం

మూలము (ఆటవెలది)

కట్ట మీద నిలిచి కంఠాన దుర్భిణి
వ్రేలఁగట్టి "యదిగొ వింత పిట్ట"
యనెడులోన నెగిరె నాకాశమున కది;
చాయి బండి చెంత సభయు ముగిసె.

తాత్పర్యము: పిట్టను చూడబోయి చాయి త్రాగి వచ్చిరి.

తాత్పర్యము ఇంత సులభమైనచో టీక యెందులకని శిష్యులు అడుగుదురు. తాత్పర్యము సులభమైన పద్యమునకే టీక పెద్దదగును. కఠిన పద్యమునకు టీక వ్రాయువానికి నిఘంటువు వెదకుటతోనే ప్రొద్దు గ్రుంకును.

అవతారిక. కవి పాతబస్తీవాడగుట నాలుగవ పాదముచే తెలియుచున్నది. ఋతువు పద్యమున చెప్పబడలేదు గాని, ఎగిరిన విధమునుబట్టి వసంతమని ఊహింపవలెను. మోదుగులు పూచి, బహదూర్‌పురాలో ఎండ ఎనిమిదింటికే చురుక్కుమను దినములు.

కట్ట మీద. ఏ కట్ట? కట్ట యనగానే ట్యాంక్‌బండ్ అని మూసీకి ఆవలివారు పొరబడుదురు. అది గ్రాహ్యము కాదు. ఇచట మీర్ ఆలం చెరువు కట్టయే వివక్షితము. నిజాము దివాను మీర్ ఆలం పేర 1806 ప్రాంతమున వెలసిన ఈ కట్ట మట్టిదిబ్బ కాదు. 21 రాతి కమానులు వరుసగా నీటివైపునకు వీపు పెట్టి నిలిచినవి. నీరు త్రోసినకొలది కమాను ఆ బరువును తన రెండు ప్రక్కల స్తంభములకు అప్పగించును. "నిలిచి" అను క్రియ మనుష్యులకు అన్వయించునని పూర్వవ్యాఖ్యాతలు. ఆ మనుష్యులు నాలుగవ పాదమునకే చాయి బండి చేరిరి గనుక, ఈ పద్యములో నిజముగా నిలిచినది కట్ట ఒక్కటే యని మా మతము. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చువరకు నగరము ఈ చెరువు నీరు త్రాగెను. ఇప్పుడు గుర్రపుడెక్క త్రాగుచున్నది.

శంక: కట్టకు ఆనుకొనియే 1963లో తెరచిన నెహ్రూ జంతుప్రదర్శనశాల 380 ఎకరములలో ఉండగా, టికెట్టు కొని లోపల పక్షులను చూడక కవి బృందమును వెలుపల ఏల నిలిపెను? సమాధానము: లోపలి పక్షికి పంజరము కలదు, దాని ముందు పేరు వ్రాసిన పలక కలదు. పేరు వ్రాసిపెట్టిన పక్షిని గుర్తుపట్టుటలో పాండిత్యమేమున్నది? పైగా ఆ ఎకరములలోని చెట్లమీద టికెట్టు లేక వ్రాలు పక్షులే ఎక్కువ. వాటికి గోడ లోపల, వెలుపల అను భేదము లేదు.

కంఠాన దుర్భిణి వ్రేలఁగట్టి. ఎనిమిదింతలు పెద్దది చేసి చూపునది, ముందు కటకము 42 మిల్లీమీటర్లది ప్రశస్తమని అనుభవజ్ఞులు. పదింతలది చేయి వణికినచో పిట్టను కూడ వణికించును. ఇచట "వ్రేల" అనుచోట వ్రేలు కూడ ధ్వనించుటచే శ్లేషయని కొందరు. అనగా "అదిగొ" యనిన పెద్దమనిషి అరచుటయేగాక వ్రేలు కూడ చూపెనట. పక్షిని చూచువారిలో వ్రేలు చూపుట పంక్తిబాహ్యమైన పని. "వేపచెట్టు, పది గంటల వైపు, రెండవ కొమ్మ" అని గడియారపు ముల్లుతో దిక్కు చెప్పుటయే శిష్టాచారము. దోషిపై ఇంకొక దోషము మోపుట మాకు ఇష్టము లేదు గాని, శ్లేష బాగున్నది. ఉండనిండు.

ప్రసంగవశమున ఒక మాట. 1931-32లో సలీం అలీ నిజాం రాజ్యమున పక్షుల సర్వే చేసిననాడు తుపాకియు పక్షిశాస్త్రపు పనిముట్టే. పక్షిని కొట్టి, తోలు నింపి, చీటీ కట్టి భద్రపరచుట గుర్తింపునకు ప్రమాణము. ఆ పద్ధతిలో "అదిగొ" యనిన తరువాత "ఏదిరా" యను ప్రశ్న పుట్టదు. పక్షిని పక్షిగానే వదలిన తరువాతనే మన సాహిత్యమున ఈ విప్రలంభ శృంగారము ప్రవేశించినది.

వింత పిట్ట. ఇదియే వివాదగ్రంథి. చార్మినారు దాపున మహబూబ్ చౌక్‌లో పంజరమున అమ్మకమునకు పెట్టిన పక్షియని ఒక వాదము. పంజరములోనిది ఎగురజాలదు గనుక అది అప్పుడే కూలినది. మక్కా మసీదు ముందర జొన్నలు తిను పావురమని మరొకటి. దినమును చూచునది వింత యెట్లగును?

తొమ్మిది రంగుల నవరంగ్ పిట్ట యనువారు కొంత బలవంతులు. అది వేసవి చివర, తొలకరికి ముందు, సంతానోత్పత్తికి పోవుచు హైదరాబాదు తోటలలో ఆగి పోవును. దాని జాతికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వియెయో 1816లో పెట్టిన పేరు మన తెలుగు "పిట్ట"యే. 1980లో పుట్టి నేడు డెక్కన్ బర్డర్స్ అను పేర నున్న సంఘము పత్రిక పేరును అదియే. ఇన్ని గౌరవములున్నను ఈ పద్యమున దానికి స్థానము లేదు. అది చెట్ల నీడన రాలుటాకులు కెలకుచు గెంతునది. బెదరినచో పొద దూరును, "ఆకాశమునకు" పోదు. మూడవ పాదము దానికి తలుపు మూసినది.

కనుక మిగిలినది గులాబీ గోరింక. తల నలుపు, రెక్క నలుపు, నడుమ ఒడలు గులాబీ. వానకాలము నడుమనే వచ్చును, జొన్న కంకులమీద పడును, ఫాల్గునమున మోదుగు, బూరుగు పూవులలో మూతి పెట్టి తేనె త్రాగును. ఏప్రిల్ దాటిన తరువాత కానరాదు. రైతు దానిని తిట్టును. అదే పక్షి కజకిస్తాను వైపు మిడుతల దండును తిని అచటి రైతుచేత దీవెనలు పొందును. తిట్లు ఇచట, దీవెనలు అచట తీసికొనుచు ఏటేట తిరుగు ఈ జీవిని వింతయనక మరేమందుము?

ఎగిరె. పద్యమునకు ప్రాణము ఈ క్రియ. పూర్వపక్షము: "అదిగొ" యని అరచుటచే ఎగిరెను, కనుక అరచినవాడు అపరాధి. బృందము ఆనాడు ఈ మతమునే అవలంబించి అతనితో చాయి బండి వరకు మాటాడలేదని వినికిడి. సిద్ధాంతము వేరు. పక్షి ప్రయాణమునకు మూలకారణము పగటి నిడివి. కెనడాలోని ఎడ్మంటన్‌లో విలియం రోవన్ 1920లలో జుంకో యను చిన్న పిట్టలను పంజరములలో పెట్టి, విద్యుద్దీపములతో పగటిని దినదినము కొంచెముగ పొడిగించెను. గడ్డకట్టు చలిలోనే వాటి దేహములు వసంతము వచ్చినట్లు మారెను. చైత్రమున పగలు పొడుగగుచుండగా గోరింక లోపల కొవ్వు పేరుకొని, ఉత్తరపు గాలి పిలుపు మొదలై ఎన్నాళ్ళో అయినది. తాటిపండు రాలు వేళకు కాకి వ్రాలినట్లు, అది లేచు వేళకు ఆయన అరచెను. కాకతాళీయ న్యాయము ఇచట కాకి లేకయే చెల్లినది.

ఇంకొక విశేషము. న్యూయార్కు సెంట్రల్ పార్కులో మే నెల వచ్చెనన్న దక్షిణమునుండి వచ్చు పిట్టలకై జనము చెట్లక్రింద మెడలు నొప్పి పుట్ట నిలుతురు. వారి వసంతము రాకడ. అచటి గ్రంథములు చదివిన మనవారు ఇచటను అట్లే ఆశపడుదురు. దక్కనులో లెక్క తలక్రిందు. మధ్య ఆసియానుండి చలికాలమునకు వచ్చిన బాతులు, గోరింకలు, ఆకుచాటున టిక్కుటిక్కుమను చిన్నారులు వసంతమున మూట కట్టుకొనును. అల్లుని పొలిమేర దాక పోయి సాగనంపువాడు, అతడు వెళ్ళిపోయెనని ఫిర్యాదు చేయడు. ఆ బృందము వీడ్కోలునకు వచ్చి స్వాగతము ఆశించినది. పద్యములోని తప్పు అంతయు ఇదియే. పిట్ట తన పని తాను చేసినది.

పాఠాంతరము: "ఎగిరె" అనుచోట పాతబస్తీ ప్రతులలో "ఉడ్ గయా" యని కలదు. సూర్యగణము ఉండవలసినచోట రగణము పడి ఛందోభంగమగుచున్నది. అయినను ఆ క్షణమున కట్టమీద నోటినుండి నిజముగా వెడలిన మాట అదియేయని ప్రత్యక్షసాక్షులు చెప్పుదురు. మేము ఛందస్సును గౌరవించి "ఎగిరె"నే స్వీకరించితిమి, కొంచెము విచారముతో.

సభయు. ఇచటి "యు" వ్యర్థపదము కాదు, సముచ్చయార్థకము. సభ కూడ ముగిసెననగా దానికి ముందు మరేదియో ముగిసెనని అర్థము. అది ఆ యేటి చలికాలపు విడిది.

అది. ఈ పదమును కావలెననియే చివరకు ఉంచితిమి, దీని తగవు చాయి బండి దగ్గరగాని తేలదు. గులాబీ గోరింక ఒంటరిగా తిరుగదు, గుంపులు గుంపులుగా పోవును. మరి ఏకవచనమేల? జాత్యేకవచనము. వ్యాకరణము ఇంతటితో తృప్తిపడును గాని, చూచిన పక్షుల పట్టీ తృప్తిపడదు. దానికి అంకె కావలెను. గుంపులో పదింటిని లెక్కించి, అంత మేర ఆకాశమున ఎన్నిమార్లు పట్టునో చూచి హెచ్చించుట సంప్రదాయము. ఒకరు 200 అనిరి. అరచిన పెద్దమనిషి, నేరము తగ్గునని కాబోలు, 400 కంటె తక్కువకు ఒప్పుకొనలేదు. ఉస్మానియా బిస్కెట్టు తడిసి కప్పులో పడిన సమయమున 300కు రాజీ కుదిరి, పట్టీ ముడుపబడెను.